కందికి కావలసిన చీకటి

నాటిన 58వ రోజు

తెర వెలుగుతోంది.

పనిపుస్తకంలో ప్రతి రోజూ మొదటి వాక్యం ఇదే ఉండాలని మా గవిలో కట్టుబాటు. రాశాను. ఇక నా సంగతి రాసుకుంటాను.

నా పేరు ఓబుళమ్మ. కొండని తొలిచి గుహలా చేసుకున్న ఈ మూడో గవిలో ఉన్న రెండు వందల పదహారు తెరల్లో ఏ ఒక్కటి మొరాయించినా పిలుపు నాకే వస్తుంది. ముప్పై ఏళ్లలో నా చేతికి వచ్చిన మానిటర్ బాగుపడకుండా వెనక్కి పోలేదు. ఇది గొప్ప కోసం రాయడం లేదు. సరే, గొప్ప కోసమే రాస్తున్నాను. నా పుస్తకం, నా ఇష్టం.

ఇవాళ కందిగది నుంచి పిలుపు. కీబోర్డులో నీళ్లు పడ్డాయట. కందిగది కాపరి సుంకన్న. అరవై దాటాయి. మొక్కలతో మాట్లాడతాడు, మనుషులతో గొణుగుతాడు. నేను వెళ్లేసరికి తలుపు బయట కూర్చుని ఉన్నాడు, ముఖం వేలాడేసుకుని.

"కీబోర్డు పోతే అంత దిగులా?" అన్నాను.

"కీబోర్డు కాదు మే. మొగ్గ ల్యా. అరవై దినాలు కావస్తాండాది, ఒక్క మొగ్గ ల్యా."

పైన నేల మీద గాలి లేదు కాబట్టి మా పంటలన్నీ కొండ లోపల తొలిచిన ఈ గదుల్లోనే, దీపాల కింద పండాలి. కందిగదిలో నలభై రెండు మొక్కలున్నాయి. నా భుజం దాకా పెరిగాయి. ఆకు నవనవలాడుతోంది. పువ్వు మాత్రం లేదు. ఆరేళ్లలో సుంకన్న నాలుగుసార్లు నాటాడు, నాలుగుసార్లూ ఇదే కథ. మన్ను మార్చాడు, నీళ్లు మార్చాడు, ఒకసారి మొక్కల దగ్గర కూర్చుని పాటలు కూడా పాడాడు. ఇది ఐదోసారి. సీసా అడుగున మిగిలిన గింజలన్నీ వేసేశాడు. ఇవి పూయకుండా పోతే మా గవిలో కంది అన్నది ఇక ఉండదు. పైగా నూట ముప్పయ్యో రోజుకి కాయ కనపడకపోతే మొక్కలు పీకేసి గదిని నాచు తొట్లకి ఇచ్చేస్తామని గవి పెద్ద హనుమక్క తేల్చి చెప్పింది.

ఆరేళ్ల లోపు పిల్లలకి ఇక్కడ పప్పన్నం తెలియదు. నాచు ముద్దనే పప్పు అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

కొత్త కీబోర్డు రేపు తెస్తానని చెప్పి వచ్చాను.

నాటిన 59వ రోజు

తెర వెలుగుతోంది. వెలుగుతోంది కాబట్టే ఇవాళ ఇంత రాయాల్సి వస్తోంది.

మనుషులు పడుకున్నాక కరెంటు మిగులుతుంది, అప్పుడు కందిగదిలో దీపాలు వేస్తారు. పొద్దున మేం టిఫిన్లు తినే వేళకి ఆర్పేస్తారు. మా పగలే కందికి రాత్రి. కందికి పద్నాలుగు గంటల చీకటి లేనిదే పువ్వు రాదని సుంకన్న తాత కాలం నుంచీ తెలిసిన సంగతి. అందుకని నేను కీబోర్డు మార్చడానికి వెళ్లినప్పుడు సుంకన్న దీపం వెయ్యనంటే వెయ్యనన్నాడు. సరే తడుముకుంటూ చేస్తానులే అన్నాను.

తడుముకోలేదు. అదే విషయం. బల్ల మీద నుంచి స్క్రూ కింద పడితే వంగి తీసుకున్నాను. కీబోర్డు తీగ ఏ రంధ్రంలోకి వెళ్లాలో చూసి పెట్టాను. గోడకి సుంకన్న అంటించిన కాగితం చదివాను. 'చీకటి పద్నాలుగు గంటలు. ఒక్క దీపం కూడా వద్దు' అని కోడి గీకిన రాతలో ఉంది.

"సుంకన్నా, దీపాలన్నీ ఆర్పినావా?"

"ఆర్పినా కదమ్మా. ఆరేండ్లుగా ఆర్పుతానే ఉండా."

"మరి నాకు నీ మీసం కనపడతాండాదే."

"తెర వెలుగుతాండాది కదా, అందుకే."

అని ఊరుకున్నాడు. నేనూ అవునన్నట్టు తలూపి సంచీ సర్దుకున్నాను. తలుపు దాకా వెళ్లాక నా కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే సుంకన్న కూడా ఆ మానిటర్ వైపే చూస్తున్నాడు, నోరు వెళ్లబెట్టి.

మేం తెరని దీపం అనుకోం. ఏళ్ల తరబడి అది వెలుగుతూనే ఉంటుంది. దారిలో మనిషి ఎదురైతే బాగున్నావా అనం, తెర వెలుగుతాండాదా అంటాం. దీపాలు ఆర్పారా అని ఎవరైనా అడిగితే ఆర్పామనే చెప్తాం, తెర లెక్కలోకే రాదు. ఆరేళ్లుగా ఆ మొక్కల మధ్య నాలుగడుగుల దీపం ఒకటి ఆరకుండా వెలుగుతుంటే ఇద్దరం దాని ముందు నిలబడి మొగ్గ ఎందుకు లేదని మాట్లాడుకున్నాం.

ఇంకో మాట కూడా రాయాలి, రాయకపోతే నిద్ర పట్టదు. ఆరేళ్ల కిందట ఆ మానిటర్‌ని అక్కడి అరచేతంత మసక తెర తీసేసి బిగించింది నేనే. గవిలోకెల్లా పెద్దది, అన్నిటికన్నా బాగా వెలిగేది. కందిగదికి ఆ మాత్రం మర్యాద ఉండాలని పట్టుబట్టి మరీ పెట్టించాను. వచ్చిన వాళ్లందరికీ చూపించుకున్నాను కూడా.

నాటిన 60వ రోజు

తెర వెలుగుతోంది.

పొద్దున్నే ఇద్దరం హనుమక్క దగ్గరికి వెళ్లాం. సుంకన్న నీళ్లు నములుతుంటే నేనే చెప్పాను, కందిగదిలో తెర పగలంతా ఆరి ఉండాలని.

హనుమక్క చేతిలోని కాగితాలు కింద పెట్టింది. "మళ్లా చెప్పు."

మళ్లీ చెప్పాను.

"నా నోటితో ఆ మాటకి ఒప్పుకోమంటావా ఓబుళమ్మా? నువ్వు ఆ దినం ఈడ లేవా?"

ఉన్నాను. పంతొమ్మిదేళ్ల కిందటి మాట. అప్పట్లో తెరలు వాటంతట అవే ఆరేవి. పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే నల్లబడేవి, వేలు పెడితే లేచేవి. నాలుగో గవిలో గాలియంత్రం ముందు ఆ రోజు కాపలా హనుమక్క భర్త తిమ్మప్పది. తెర నల్లగా ఉంది. పడుకుందనుకున్నాడు. అది పడుకోలేదు, వెనకున్న యంత్రమే చచ్చిపోయింది. మూడు గంటలు ఎవరికీ తెలియలేదు. తిమ్మప్పతో కలిపి నలుగురు పోయారు. చచ్చిపోయిన మనిషిని కూడా జనం వదల్లేదు, కాపలా కాయకుండా నిద్రపోయాడని అన్నారు. ఆ మాటలన్నీ హనుమక్క వింది.

ఆ ఏడాదే గవి పెద్ద అయ్యాక ఆమె చేసిన మొదటి పని ఈ కట్టుబాటు. ఏ తెరా ఆరకూడదు, దేని మీదా బట్ట కప్పకూడదు. మానిటర్ల బటన్లన్నీ లక్క పోసి మూసేశారు. ఆ లక్క పోసిన చేతుల్లో నావీ ఉన్నాయి.

"నల్లటి తెర ముందర ఇంకో మనిషిని కూర్చోబెట్టను," అంది హనుమక్క. "కందులు లేకపోతే చావం. నాచు తింటాం."

సుంకన్న దండం పెట్టి లేచాడు. బయటికి వచ్చాక గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూడటం నాకు ఇదే మొదలు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. హనుమక్క మీద కాదు. ఆమె మాటలో తప్పు లేదు. అందుకే ఇంకా కోపం.

నాటిన 62వ రోజు

తెర వెలుగుతోంది.

రెండు రోజులుగా దారులన్నీ వెతికాను. మానిటర్ తీగ పీకేద్దామంటే కుదరదు. ఆ ప్రమాదం తరువాత వచ్చిన యంత్రాలన్నీ, అంటే తెరల వెనకుండే కంప్యూటర్లు, తెర తీగ ఊడితే పంపులు ఆపేసి సైరన్ మోగిస్తాయి. మొత్తం యంత్రాన్నే ఆపుదామంటే మొక్కలకి నీళ్లూ గాలీ ఆగిపోతాయి. తెరని బయటికి జరుపుదామన్నా, గోడవైపు తిప్పుదామన్నా వీల్లేదు, యంత్రం పక్కనే మనిషికి ఎదురుగా ఉండాలని కట్టుబాటు. దుప్పటి కప్పుదామని సుంకన్న అన్నాడు. ఒకటి, కట్టుబాటు ఒప్పుకోదు. రెండు, కప్పిన తెర వేడెక్కిపోతుంది, దుప్పటి అంటుకుంటే కందులూ ఉండవు, సుంకన్నా ఉండడు.

కావలసింది చిన్నది. యంత్రం నడుస్తూ ఉండాలి, తీగ ఉన్నచోటే ఉండాలి, తెర వెనక దీపం ఒక్కటే ఆరాలి. అదీ మనం చెప్పినప్పుడే ఆరాలి, చెప్పినప్పుడే వెలగాలి.

మధ్యాహ్నం పాత మానిటర్లతో వచ్చిన పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. దొరికింది. యంత్రం తెరకి పంపగల ఆజ్ఞలు ముప్పై చిల్లర ఉన్నాయి, వాటిలో ఒకటి 'నిద్రపో'. కట్టుబాటు వచ్చినప్పుడు ఆ సంగతి మెనూల్లోంచి తీసేశారు కానీ తెర కడుపులోంచి తీసేవాళ్లెవరు? అది ఇంకా అక్కడే ఉంది, ఎవరైనా పిలుస్తారేమోనని.

బటన్‌కి లక్క పోయగలం. ప్రోగ్రామ్‌కి పోయలేం.

నాటిన 63వ రోజు

తెర వెలుగుతోంది. నేను ఏడుసార్లు ఆర్పినా వెలుగుతోంది.

ప్రోగ్రామ్ తొమ్మిది వరుసలే. నా దుకాణంలో మూల పడి ఉన్న పాత మానిటర్ మీద పెట్టాను. పైవరుసలో చివరి కీ నొక్కితే తెర ఆరాలి, మళ్లీ నొక్కితే వెలగాలి. సుంకన్నని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, వేలు ఎత్తి, కొంచెం అట్టహాసంగానే నొక్కాను.

ఆరింది. చూసినావా అని నేను నోరు తెరిచేలోపు మళ్లీ వెలిగింది.

మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. ఏడోసారికి సుంకన్న మెల్లగా, "దానికి నువ్వంటే శానా ఇష్టమున్నట్టుండాది, నిన్ను చూడకుండా ఉండల్యాకపోతాంది," అన్నాడు. ముప్పై ఏళ్ల నా పేరు మీద ఆ మనిషి నవ్వడం. బయటికి పొమ్మన్నాను.

ఒక్కదాన్నే కూర్చుని కీ మీద వేలు పెట్టి నొక్కి, తీయకుండా అలాగే ఉంచాను. తెర ఆరింది. ఆరే ఉంది. వేలు తీశాను. వెలిగింది.

అప్పుడు అర్థమైంది. వేలు పెట్టడమే కాదు, వేలు తీయడం కూడా యంత్రానికి ఒక కబురే. ఎవరో వచ్చారనుకుని తెరని లేపుతోంది. దాని తప్పేం లేదు, మర్యాద తెలిసిన యంత్రం. తొమ్మిది వరుసల మధ్య పదో వరుస రాశాను. కీ నొక్కాక రెండు సెకన్లు ఆగు, ఆ మనిషి వేలు తీసేదాకా ఓపిక పట్టు, అప్పుడు ఆర్పు.

నొక్కాను. వేలు తీశాను. ఒకటి, రెండు అనుకున్నాను. తెర ఆరింది. అలాగే ఉంది. పంతొమ్మిదేళ్ల తరువాత నా దుకాణంలో నల్లటి తెర. ఆ నల్లదనంలో నా ముఖం కనపడింది. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

నాటిన 65వ రోజు

తెర వెలుగుతోంది.

ఆర్పడం వస్తే సగం పనే. హనుమక్కకి కావలసింది చీకట్లో కూడా యంత్రం బతికి ఉందని తెలియడం. కంటితో చూడకూడదు సరే, చెవి ఉంది కదా. మొక్కలకి చెవులుండవు. సుంకన్న పాటలు ఒక పంటంతా విని కూడా అవి కదల్లేదంటే అదే రుజువు.

ఇంకో పదిహేను వరుసలు రాశాను. తెర ఆరి ఉన్నంతసేపూ పది సెకన్లకోసారి యంత్రం గాలిపంపుని పలకరిస్తుంది. పంపు నుంచి నడుస్తున్నానని జవాబు వస్తేనే కందిగది తలుపు బయట పెట్టిన స్పీకరులో టక్ మంటుంది. జవాబు రాకపోతే శబ్దం రాదు.

పాత మానిటర్ యంత్రానికి ఒక చిన్న పంపూ స్పీకరూ తగిలించి హనుమక్కని నా దుకాణానికి పిలిచాను. తెర ఆరగానే ఆమె చేయి కుర్చీని గట్టిగా పట్టుకుంది. టక్. పది సెకన్లు. టక్. చాలాసేపు విన్నాక అడిగింది.

"ఇది ఊరికే మోగేది కాదు కదా?"

"పంపు తీగ పీకి చూడక్కా."

పీకింది. శబ్దం ఆగింది. పది, ఇరవై, ముప్పై సెకన్లు. ఆ నిశ్శబ్దం నాకే భరించరానిదిగా ఉంది. తీగ మళ్లీ పెట్టింది. టక్.

"ఆ గది బయట నేనే కూర్చుంటా," అంది. "వేరే ఎవుర్నీ పెట్టను. ఒక్కసారి తప్పినా తెర వెలిగిస్తా, మొక్కలు పీకిస్తా. సరేనా?"

సరేనన్నాను. నా గుండె కూడా పది సెకన్లకోసారే కొట్టుకుంటున్నట్టుంది.

నాటిన 66వ రోజు

తెర ఆరింది. ఇలా రాయడం కట్టుబాటు తప్పడమే, అయినా రాశాను.

పొద్దున దీపాలు ఆర్పగానే నేను కీ నొక్కి బయటికి వచ్చి తలుపు వేశాను. హనుమక్క ముక్కాలి పీట వేసుకుని, గవి కాగితాలన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పద్నాలుగు గంటలు. ఒక్క టక్ తప్పలేదు. దారిన పోయే వాళ్లందరూ ఆగి విని పోయారు. నేను ఆ దారిన అవసరం ఉన్నా లేకపోయినా ఎనిమిదిసార్లు నడిచాను.

నాటిన 80వ రోజు

రెండు వారాలు నా అంతటిది లేదనుకుని తిరిగాను. ఇవాళ సుంకన్న నా గాలి తీసేశాడు.

చీకటి వేళయితే కందాకు ముడుచుకుంటుంది. నిన్న రాత్రి చీకటి పూట ముగిసి, దీపాలు వేసి తలుపు తీసినప్పుడు సుంకన్న చూశాడట. దూరంగా ఉన్న వరుసల్లో ఆకులు ముడుచుకుని ఉన్నాయి. తెర దగ్గరి మూడు వరుసల్లో విప్పుకుని ఉన్నాయి.

"అవి పండుకోలేదు ఓబుళమ్మా. లోపల ఎవురో దీపం వేస్తాండారు."

తలుపు బయట హనుమక్క కూర్చుని ఉంటే లోపలికి ఎవరు పోతారు? శబ్దం సరిగ్గా వస్తోంది. నాకు నమ్మకం కుదరలేదు. ఇవాళ పొద్దున నేనే కీ నొక్కి, బయటికి రాకుండా తొట్ల మధ్య కింద కూర్చున్నాను. కటిక చీకటి. నా చేయి నాకు కనపడలేదు. నేను చేసిన చీకటి కదా, బాగానే ఉందని మురిసిపోతూ కూర్చున్నాను.

నలభై నిమిషాలకి నీళ్ల పంపు మొదలైంది. బల్ల సన్నగా అదిరింది. ఆ అదురుకి బల్ల మీద మౌస్ వెంట్రుకవాసి జరిగింది. ఎవరో వచ్చారనుకుని యంత్రం తెర వెలిగించింది.

ఇక ఆరలేదు. ఆర్పమని చెప్పేవాళ్లు లేరు కదా. పద్నాలుగు రోజులుగా నలభై నిమిషాల చీకటి ఇచ్చి పద్నాలుగు గంటలు ఇచ్చానని చెప్పుకు తిరిగాను. నేను తలుపు వేసుకుని వెళ్లిపోయేదాన్ని, హనుమక్క శబ్దం వినేది, తెర లోపల తన పని తాను చేసుకునేది. రాత్రి దీపాలు వేసి తలుపు తీసినప్పుడు వెలుగుతున్న తెర ఎవరికీ వింతగా తోచేది కాదు.

తలెత్తుకోలేక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మొక్కలకి క్షమాపణ చెప్పాను. అవును, సుంకన్నలాగే. ఎవరికీ చెప్పొద్దు.

తరువాత గోడకి ఒక మేకు కొట్టాను. మౌస్‌ని తోకతో ఆ మేకుకి వేలాడదీశాను. ఇంత చదువుకుని, ఇన్ని వరుసలు రాసి, చివరికి పని చేసింది మేకు. అయినా ప్రోగ్రామ్‌ని కూడా వదల్లేదు. టక్ మన్న ప్రతిసారీ తెర వెలిగి ఉందేమో చూసి, పైవరుసలో చివరి కీ నొక్కకుండా వెలిగి ఉంటే మళ్లీ ఆర్పమని రెండు వరుసలు కలిపాను.

ఇంకా యాభై రోజులున్నాయి. మొగ్గ రావాలంటే నెల రోజుల సిసలైన చీకటి కావాలంటాడు సుంకన్న. కాయ కట్టాలంటే ఆ పైన ఇంకో పదిహేను. వేలు మడిచి చూసుకుంటే మిగిలేది ఐదు రోజులు.

హనుమక్కకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "చెప్పినావు కదా," అని పీట సర్దుకుని కూర్చుంది. అంతే.

నాటిన 97వ రోజు

తెర ఆరి ఉంది.

పొద్దున పదకొండు దాటాక నా దుకాణం తలుపు దబదబా మోగింది. హనుమక్క. అరవై రెండేళ్ల మనిషి పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఆగిపోయింది," అంది. ఇంకేం చెప్పలేకపోయింది.

ఇద్దరం పరుగు. కందిగది ముందు నిశ్శబ్దం. లోపలికి వెళ్లి కీ నొక్కాను. తెర లేవలేదు. యంత్రం బిగుసుకుపోయింది, గాలిపంపు ఆగిపోయింది. నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నాలుగు నిమిషాల్లో యంత్రం మళ్లీ లేచింది, పంపు లేచింది, తెర నల్లబడింది, టక్ మంది. సుంకన్న మొక్కల మధ్య నిలబడి ఒక్కొక్క ఆకునీ తడుముతున్నాడు.

హనుమక్క పీట మీద కూలబడింది. ఇంకేముంది, అయిపోయింది, పీకించేస్తుంది అనుకున్నాను. మాట మాటే.

"ఓబుళమ్మా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. తెర ఎప్పట్లా వెలిగే ఉండింటే ఇప్పుడు దాని మీద ఏం కనపడేది?"

ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. 

"యంత్రం బిగుసుకుపోకముందు ఏం ఉండిందో అదే, అక్కా. పంపు నడుస్తాంది, గాలి బాగుంది అని. బొమ్మ అట్లనే నిలబడి ఉంటుంది."

"ఎంతసేపు?"

"ఎవరైనా వచ్చి ముట్టేదాకా."

 స్పీకరు టక్ మంటోంది. ప్రతి శబ్దానికీ ఆమె వేలు మోకాలి మీద చిన్నగా కదులుతోంది.

"పంతొమ్మిదేండ్లు వెలుగు చూసి ధైర్యంగా ఉండినా," అంది చివరికి. "ఈ టక్కు ఆ దినం నాలుగో గవిలో ఉండింటే తిమ్మప్పకి పది సెకన్లలో తెలిసేది."

నేను పక్కన కింద కూర్చున్నాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ తరువాత ముఖం తుడుచుకుని, ఏమీ జరగనట్టే, "గాలియంత్రాలన్నిటికీ ఈ శబ్దం పెట్టు. ఎన్నాళ్లు పడుతుంది?" అంది.

"నేను చేస్తే పది దినాలు," అన్నాను. వేరేవాళ్లు చేస్తే రెండు నెలలు. ఆ మాట పైకి అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

నాటిన 111వ రోజు

తెర ఆరి ఉంది. మొగ్గలు.

మొత్తం పదకొండు. సుంకన్న నన్ను వేలు పెట్టనివ్వలేదు.

నాటిన 116వ రోజు

తెర ఆరి ఉంది. పువ్వులు పూశాయి. పసుపురంగు, వెనక సన్నటి ఎర్రగీతలు. చిన్నప్పుడు చూసిందే, ఇంత అందంగా ఉంటుందని అప్పుడు చూడలేదు. సుంకన్న రాత్రంతా దీపాల కింద పూలు లెక్కపెట్టాడట. సాయంత్రం నా దుకాణానికి వచ్చి, ఏడోసారి వెలిగినప్పుడు నవ్వినందుకు ఏమనుకోవద్దన్నాడు. యాభై మూడు రోజులు మోశాడట ఆ మాటని.

నాటిన 130వ రోజు

ఇవాళ పొద్దున, దీపాలు ఆర్పే వేళకి, కందిగదిలోకి జనం వచ్చారు. హనుమక్కే రమ్మంది. తొట్ల మధ్య పట్టినంతమంది, అరవై మంది దాకా. పిల్లలు ముందు వరుసలో. సుంకన్న కాయలు లెక్కపెట్టి చెప్పాడు. ముప్పై నాలుగు. లేతవి, ఇంకా గింజ గట్టిపడలేదు, కానీ కాయలే. ఒక పిల్ల వాటిని చూసి ఇదేంటి అని అడిగితే పప్పు అన్నాడు. ఆ పిల్ల నమ్మలేదు. నాచు తొట్ల మాట ఎవరూ ఎత్తలేదు.

దీపాలు ఆరాయి. తెర ఒక్కటి మిగిలింది. దాని వెలుతురులో అందరి ముఖాలూ కనపడుతున్నాయి. చీకటి మొదలవ్వాలి కాబట్టి జనాన్ని బయటికి పంపేసి కీ నొక్కుదామని నేను ముందుకు కదిలాను. హనుమక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ వాళ్లని," అంది. "తెర ఎట్ల ఆరుతుందో చూడనీ. నేను నొక్కుతా."

పంతొమ్మిదేళ్లు ఏ తెరనీ ఆరనివ్వని మనిషి కీబోర్డు ముందు నిలబడింది. ఏ కీ అని నన్ను అడగలేదు. పైవరుసలో చివరిది. నొక్కింది. వేలు తీసింది. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టింది.

తెర ఆరింది.

ఈ జనంలో సగం మంది పుట్టాక చీకటిని చూసి ఉండరు. ఎవరో ఊపిరి బిగపట్టారు. ఒక పిల్ల వాళ్లమ్మని పిలిచింది. ఇప్పుడు అరుస్తారు, తలుపు వైపు తోసుకుంటారు అనుకున్నాను. అప్పుడు బయట గోడ మీద స్పీకరు టక్ మంది. హనుమక్క చీకట్లోనే, మామూలు గొంతుతో, "యంత్రం నడుస్తాండాది," అంది. మళ్లీ టక్. ఈసారి ఒకరిద్దరు ఆమెతో కలిసి ఆ మాట అన్నారు. మూడోసారికి పిల్లలు కూడా అన్నారు. ఎవ్వరూ కదల్లేదు.

నా జీవితంలో రెండు వందల పదహారు తెరలు వెలిగించాను. వాటిని చూసి ఎవరూ ఏనాడూ నా పేరు అనలేదు, వెలుగుతున్నది ఎవరికి కనపడుతుంది గనక. ఇవాళ అరవై మంది గోడకి ఆనుకుని, పక్కవాళ్ల చేతులు పట్టుకుని, ఏమీ కనపడని చోట నిబ్బరంగా నిలబడ్డారు. పక్కన ఎక్కడో కందాకులు ముడుచుకుంటున్న చప్పుడు విన్నానని సుంకన్న తరువాత ప్రమాణం చేసి చెప్పాడు. అబద్ధమే, అయినా నేను కాదనలేదు. ఆ చీకటి నా చేతిపని.

కట్టుబాటు మారింది, ఇక నుంచి పనిపుస్తకంలో మొదటి వాక్యం ఎలా రాయాలో నన్నే చెప్పమంది హనుమక్క. మొదట రాయడం మరిచాను, కాబట్టి చివర రాస్తున్నాను.

తెర ఆరి ఉంది. యంత్రం నడుస్తోంది.